లాయరు సలహాతో చెరిపేసిన పెళ్ళి

ఒక పెళ్ళిని చెరిపేసిన ఘనత నాది. పెళ్ళి చెడగొట్టేవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండి ఉంటారు. కట్నం దగ్గరో జాతకం దగ్గరో ఓ మాట జారవిడిచి, ఏమీ ఎరగనట్టు వక్క నములుతూ కూర్చునే రకం. నేను అలాంటి చిల్లర పనులు చేసేవాణ్ణి కాదు. పెళ్ళి శుభ్రంగా జరిగిపోయి, ఆ జంట ఉద్దనపల్లిలో కాపురం కూడా పెట్టాక, తీరిగ్గా, చట్టబద్ధంగా, కృష్ణగిరిలో లాయరును సంప్రదించి మరీ, మేళతాళాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా మొత్తం తుడిచేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పట్లో మాత్రం కావేరిపట్టణం బస్సు కనపడితే చాటుకు తప్పుకునేవాణ్ణి.

దీనికంతటికీ మూలం హోసూరులో ఒక కంప్యూటర్ షాపువాడి నవ్వు.

ముందే మనవి చేసుకుంటున్నాను. నాకు పుట్టినరోజులు గుర్తుండవు, పెళ్ళిరోజు అసలే గుర్తుండదు. కానీ నన్ను ఎవరైనా ఒక మాట అన్నారంటే అది రాతి మీద చెక్కినట్టే. రాయకోట బస్సులో కిటికీ పక్క సీటు నా దగ్గర్నుంచి లాక్కున్న మనిషి చొక్కా రంగు కూడా చెప్పగలను. అతను ఎక్కడున్నాడో తెలియదు గాని, నేను మాత్రం అతని మీద ఇంకా కోపంగానే ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాని. ఇంటికి కంప్యూటర్ కొందామని ఆ షాపుకు వెళ్ళి, అన్నీ బిగించాక ఒక న్యాయమైన ప్రశ్న అడిగాను.

"ఇందులో విండోస్ వేసినారు కదప్పా, దీనికి లైసెన్సు యాడ?"

షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత లోపలికి తిరిగి కేక వేశాడు. "రేయ్, ఈడ ఒక సారు లైసెన్సు అడుగుతా ఉండాడు! మన అంగట్లో ఇన్నేండ్లలో అడిగిన మొదటి మనిషి! సారుకు ఒక టీ చెప్పండి!"

అందరూ నవ్వారు. మౌసు కొనడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియనివాడు కూడా నవ్వాడు. టీ వచ్చింది. చల్లారిపోయి వచ్చింది. అదీ గుర్తుంది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. నా ఇంట్లో లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ అడుగు పెట్టదు, నేను ఆ అంగటి మెట్టు ఎక్కను. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో లినక్స్ ఉంటే, విండోస్ తీసేసి అది వేసుకున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. అన్నీ లైసెన్సులోనే రాసి ఉన్నాయి. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. మా ఆవిడ సరోజ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసి ఒకే మాట అంది.

"పెండ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత సేపు చూడలేదు మీరు."

ఇలా నేను లైసెన్సు గర్వంతో ఊగిపోతున్న రోజుల్లో మా బామ్మర్ది మునిరాజు వచ్చాడు. వాడికి కావేరిపట్టణంలో వీడియో స్టూడియో ఉంది. వచ్చినవాడు సంచిలోంచి తుండుగుడ్డలో చుట్టిన వస్తువేదో తీసి, పురిటి బిడ్డను అందించినట్టు నా చేతుల్లో పెట్టాడు. విప్పి చూస్తే కంప్యూటర్ హార్డ్ డిస్కు.

"బావా, స్టూడియో కంప్యూటర్‌కు వైరస్ పట్టి సచ్చిపోయింది. కొత్తది వచ్చేదానికి పది దినాలన్నా పడుతుంది, పెండ్లోళ్ళు అంత వరకు ఆగేటట్టు లేరు. ఈ డిస్కు మాత్రం బతికే ఉంది. గోవిందప్ప కూతురు పెండ్లంతా దీంట్లోనే ఉంది."

"టేపులో లేదా?"

"టేపు మీద ఇంకొక పెండ్లి తీసేసినాను బావా."

పెళ్ళిళ్ళ కాలంలో స్టూడియోవాళ్ళ పద్ధతి అది. టేపులోది డిస్కుకు ఎక్కించడం, అదే టేపు తీసుకుని తర్వాతి పెళ్ళికి పరుగెత్తడం. అంటే గోవిందప్ప కూతురి పెళ్ళికి భూమ్మీద ఉన్న ఏకైక సాక్ష్యం ఆ తుండుగుడ్డలో ఉందన్నమాట.

గోవిందప్ప ఎవరో చెప్పాలి. మా కృష్ణగిరి వైపు పోచంపల్లి సంతలో మేకల వ్యాపారి. మేకను ఎత్తకుండానే, దాని నడక చూసి ఎంత మాంసం పడుతుందో చెప్పగల మనిషి. ఆయన పెద్ద కూతుర్ని ఉద్దనపల్లి నంజప్ప కొడుక్కిచ్చి చేశాడు. చిన్న కూతురు లక్ష్మిని మా మునిరాజుకు అడుగుతున్నాం. వీడు ఆ పెళ్ళిలో కెమెరా పట్టుకుని తిరిగినప్పుడే ఆ పిల్లను చూశాడు. ఆ పిల్ల కూడా కెమెరాను కాకుండా వీణ్ణే చూసిందట. గోవిందప్ప అవుననలేదు, కాదనలేదు. "మొదట వీడియో ఇయ్యప్పా, తరువాత మాట్లాడదాం" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని మునిరాజు ఆయన్ని అప్పుడే మామా అని పిలవడం మొదలుపెట్టాడు.

"సరేప్పా, నన్ను ఏమి చెయ్యమంటావు?" అన్నాను.

మునిరాజు గొంతు తగ్గించాడు. "దీంట్లో గొడవ ముక్క ఒకటి ఉంది బావా. దాన్ని తీసెయ్యాల."

పెళ్ళి మర్నాడు మాంసం విందు పెట్టారు. నంజప్ప తన బంతిలో అందరికీ ఎముకలే పడ్డాయని లేచాడు. మేకల వ్యాపారి ఇంట్లో ఎముకలు వడ్డించారని అందరి ముందూ అంటే ఆ అవమానం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. గోవిందప్ప వియ్యంకుణ్ణి కొట్టడానికి చెప్పు తీశాడు. అంతా కెమెరాలో పడింది. తర్వాత పెద్దలు సర్దిచెప్పారు, రాకపోకలు సాగుతున్నాయి. కానీ వీడియోలో ఆ ముక్క ఉన్నంతవరకు గోవిందప్పకు నిద్ర పట్టడం లేదు. అది తీసేసి, దాన్ని ఒక సీడీలో ఎక్కించి తన చేతికే ఇవ్వాలట. తానే విరిచి పొయ్యిలో వేస్తాడట. సీడీ మునిరాజు కంప్యూటర్ చావకముందే చేసి సంచిలో పెట్టుకున్నాడు. ఇక డిస్కులో ఉన్న ఆ ఒక్క ఫైలు చెరిపెయ్యాలి. అంతే.

అంతే అని వాడన్నాడు. నేనూ అనుకున్నాను.

డిస్కును నా కంప్యూటర్‌కు తగిలించాను. ఫైళ్ళన్నీ వరసగా కనిపించాయి. ముహూర్తం, తలంబ్రాలు, విందు, అప్పగింతలు. గొడవ ముక్కకు మునిరాజు 'ఎముకలు' అని పేరు పెట్టాడు. దాని మీద వేలు పెట్టి చెరుపు అన్నాను. కంప్యూటర్ చెరపనంది. ఈ డిస్కును చదువుకోవచ్చు, రాయకూడదు అంది. చెరపడం కూడా రాయడం కిందికే వస్తుందట.

ఇక్కడ మీకు కొంచెం విషయం చెప్పాలి. భయపడకండి, కొంచెమే. డిస్కులో ఏ ఫైలు ఏ మూల ఉందో లెక్కగా పెట్టుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. మునిరాజు డిస్కు విండోస్ పద్ధతిలో సర్దిన డిస్కు. ఆ పద్ధతి లోగుట్టు దాని కంపెనీ బయటపెట్టలేదు. పైగా దాని చుట్టూ పేటెంట్లున్నాయని, ఎప్పటికైనా కోర్టుకు లాగుతారని ఒక భయం. లినక్స్ తయారుచేసేవాళ్ళు బయటి నుంచి తడుముకుంటూ చదవడం వరకు నేర్చుకున్నారు. రాయడం మాత్రం పూర్తిగా పట్టుబడలేదు. కొత్త కోడలు అత్తగారి వంటింట్లో నిలబడినట్టు, ఏ డబ్బాలో ఏముందో చూడొచ్చు గాని మూత తియ్యకూడదు.

"అంగట్లో విండోస్ కంప్యూటర్ ఉంటుంది కదా బావా," అన్నాడు మునిరాజు. "ఆడికి పోయి చెరిపించుకొని వస్తాము. టీ తాగేంత సేపు పని."

టీ మాట ఎత్తకుండా ఉండాల్సింది.

"ఆ అంగటికా? నేనా? నా పీనుగను కూడా ఆ వీధిలో తీసుకొని పోవద్దండి అని మీ అక్కకు చెప్పి పెట్టినాను!"

"సుమ్మనే ఉండు మునిరాజూ, ఆ మాట ఎత్తొద్దు," అంది సరోజ లోపల్నుంచి. "ఆ టీ చల్లారి ఇన్ని దినాలయినా ఈయప్ప చల్లారలేదు."

డిస్కు నా దగ్గరే వదిలేసి మునిరాజు వెళ్ళిపోయాడు. నేను యుద్ధానికి దిగాను. హోసూరులో, నా ఇంట్లో, నా బామ్మర్ది డిస్కు మీద, నా బామ్మర్ది తీసిన ఎముకల గొడవను నేను చెరపకూడదని ఎక్కడో సముద్రాల అవతల ఎవరో లాయరు నిర్ణయించాడన్నమాట! ఆ లాయరుకూ నాకూ ముఖపరిచయం కూడా లేదు. లినక్స్ వాళ్ళకు ఘాటుగా ఒక ఈ-మెయిల్ రాశాను. ఎవరో మహానుభావుడు ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. "మీరే రాసి పంపండి, సంతోషంగా తీసుకుంటాం." ఇతని పేరు నాకు తెలియదు. బస్సులో సీటు లాక్కున్నవాడి పక్కన కూర్చోబెట్టాను.

ఇంకా వెతగ్గా ఒక చోట మందు దొరికింది. డిస్కు మీద రాయడానికి వీలు కల్పించే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క. మా లినక్స్‌తో పాటు రాదు, విడిగా దించుకోవాలి. ఆ పేజీలో ఎర్ర అక్షరాలతో రెండు హెచ్చరికలున్నాయి. మొదటిది: పేటెంట్ల కారణంగా కొన్ని దేశాల్లో దీన్ని వాడటానికి చట్టపరమైన ఇబ్బందులు ఉండవచ్చు, మీ లాయరును సంప్రదించండి. రెండోది దాని కిందే ఉంది. రెండోది నేను చదవలేదని అనను. చదివాను. మొదటిది తేలాక చూద్దాంలే అనుకున్నాను.

లోకంలో ఎన్నో లక్షలమంది ఆ పేజీ చూసి ఉంటారు. లాయరును సంప్రదించండి అంటే నిజంగానే బస్సెక్కి లాయరు దగ్గరికి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కృష్ణగిరిలో మా లాయరు పొలం గట్లు, దారి తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు చూస్తాడు. నా ఫిర్యాదులు ఆయనకు కొత్త కాదు. నన్ను చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"రాప్పా. ఈసారి ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు సార్. ఒక ఫైలు చెరపాల. చెరపొచ్చునా అని అడిగేదానికి వచ్చినాను."

"ఫైలు ఎవరిది?"

"మా బామ్మర్దిది."

"అది ఉండే డిస్కు?"

"అదీ ఆయప్పదే."

"చెరపమని ఎవరు చెప్పినారు?"

"బామ్మర్దే చెప్పినాడు. పెండ్లోళ్ళూ చెప్పినారు."

"మరి అడ్డం ఎవరప్పా?"

"అమెరికాలో ఒక కంపెనీ, సార్."

లాయరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ కంపెనీకీ ఈ పెండ్లికీ ఏమి సంబంధం? పత్రిక ఇచ్చి పిలిచినారా?"

నాకు తెలిసినంతలో మొత్తం విప్పి చెప్పాను. ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పద్ధతి వాళ్ళదని, పద్ధతి మీద పేటెంటు ఉండొచ్చునని. ఆయన ఓపిగ్గా విని తనకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాడు.

"అంటే పొలం నీది, బాయి నీది, నీళ్ళు నీవి. కాలవ తవ్వే పద్ధతి మాత్రం ఇంకొకడిది అంటావు. వాడు వచ్చి గడ్డపార పట్టుకున్నాడా?"

"ఇంకా లేదు సార్. పట్టుకోవచ్చునంట."

"ఎవరు చెప్పినారు?"

"పట్టుకుంటాడేమో అని భయపడినోళ్ళు."

"ఆ భయపడినోళ్ళకు నోటీసు వచ్చిందా?"

"వచ్చినట్టు యాడా లేదు సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "రాని నోటీసుకు జవాబు అడిగేదానికి హోసూరు నుంచి వచ్చినావు. నీ మాదిరి మనిషి ఊరికి పదిమంది ఉంటే నేను మిద్దె మీద మిద్దె కట్టి ఉందును. పోప్పా. నీ ఇంట్లో కూర్చోని నీ బామ్మర్ది ఫైలు చెరుపుకుంటే నిన్ను అడిగేవాడు ఎవడూ లేడు. చెరుపుకో పో."

"రాసిస్తారా సార్?"

"ఏమని?"

"చెరపొచ్చునని."

రాసిస్తే గాని కదలనని ఆయనకు అనుభవం మీద తెలుసు. లెటర్‌హెడ్ తీసి, తన దృష్టిలో అభ్యంతరం కనపడలేదని రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి, తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మళ్ళీ రాకుండా చూసుకోవడానికేమో.

ఆ కాగితం పట్టుకుని హోసూరు బస్సులో నేను కూర్చున్న తీరు చూడాల్సింది. ఊరేగింపులో అంబారీ మీద కూర్చున్నవాడు కూడా కొంచెం వంగి కూర్చుంటాడు.

ఇంటికి రాగానే కాగితాన్ని కీబోర్డు పక్కన, కంప్యూటర్‌కు కనపడేటట్టు నిలబెట్టాను. సాఫ్ట్‌వేర్ ముక్కను దించి ఎక్కించాను. సరోజ వెనక నిలబడి తెర మీద ఎర్ర అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంది.

"ఈడ ఇంకొకటి రాసినారే. ఇది ఇంకా పరీక్షలోనే ఉంది, డిస్కులో ఉండేదంతా పోవచ్చును అని."

"ఊరికే రాస్తారు అట్ల."

"పైన ఉండేది కూడా ఊరికే రాసినారా? దానికి కృష్ణగిరి దాకా పోతిరి కదా."

"లాయరే సరే అన్నాడు! డిస్కు ఎవరు కాదనేదానికి?"

ఇదిగో, పాఠకులారా, నా జీవితంలోని మహత్తర వాక్యం ఇదే. చట్టం ఒప్పుకుంది కాబట్టి ఇనుము కూడా ఒప్పుకుంటుందని నమ్మాను. లాయరు ముద్ర చూసి డిస్కు బెదిరిపోతుందనుకున్నాను. మొదటి హెచ్చరిక తీర్చడానికి జిల్లా దాటినంత హడావిడి చేసి, రెండోదాన్ని గుమ్మంలోనే నిలబెట్టి తలుపు వేశాను.

'ఎముకలు' మీద వేలు పెట్టి చెరుపు అన్నాను. ఈసారి కంప్యూటర్ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. 'ఎముకలు' మాయమైంది. నేను లేచి నిలబడి, అక్కడ లేని షాపువాడి వైపు, ఆ ఈ-మెయిల్ మహానుభావుడి వైపు, సముద్రాల అవతలి లాయరు వైపు చూసి మీసం దువ్వుకున్నాను.

కూర్చుని మళ్ళీ చూస్తే అప్పగింతలు లేవు.

సరిగ్గా చూడలేదేమో అనుకుని ఇంకోసారి తెరిచాను. తలంబ్రాల పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలున్నాయి. మూడోసారి తెరిస్తే ముహూర్తం కూడా వెళ్ళిపోయింది. నేను చూసినకొద్దీ పెళ్ళి వెనక్కి నడుస్తోంది. వాళ్ళు పెళ్ళిపీటలు దిగి, మేళగాళ్ళు సన్నాయిలు సంచుల్లో వేసుకుని, పందిరి గుంజలు పీక్కుని, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతున్నారు. చివరికి డిస్కు ఖాళీగా, కడిగిన అరిటాకులా నా ముందు నిలిచింది.

ఫోను మోగింది. మునిరాజు.

"బావా, కొత్త కంప్యూటర్ వచ్చేసింది. నీ పని అయిపోయిందా?"

"అయిపోయిందప్పా."

"గొడవ పోయిందా?"

"పోయింది."

"పెండ్లి?"

నేను గొంతు సవరించుకున్నాను. "మునిరాజూ, ఫైల్ సిస్టమ్ అనేది ఏమంటే..."

"పెండ్లి యాడ బావా?"

కావేరిపట్టణం ప్రయాణం ఎలా చేశానో చెప్పలేను. ఈసారి తుండుగుడ్డలో ఉన్నది పురిటి బిడ్డలా లేదు. మునిరాజు డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించాడు. విండోస్ దాన్ని చూసి, దీంట్లో ఏదో తేడా ఉంది, సరిచేస్తాను ఉండండి అని తనంతట తానే మొదలుపెట్టింది. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. వాడు ఏ దేవుడికి మొక్కుకున్నాడో తెలియదు. నేనైతే పేటెంటు ఉన్న కంపెనీకే మొక్కుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

వెతగ్గా వెతగ్గా ఒక్క ఫైలు దొరికింది. పేరు పోయింది, ఒంట్లో ప్రాణం ఉంది. మునిరాజు దాన్ని తెరిచాడు.

తెర మీద నంజప్ప ఎముక ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

పెళ్ళంతా పోయింది. చెరపాల్సిన గొడవ ఒక్కటే చెక్కు చెదరకుండా మిగిలింది.

"బావా," అన్నాడు మునిరాజు, "ఇది కూడా ఆ లాయరే చెప్పినాడా?"

అదే సమయానికి గోవిందప్ప ఫోను చేశాడు. స్పీకరులో ఆయన గొంతు సంతలో వినపడినట్టే ఖంగుమంది. "మునిరాజూ, ఆదివారం మా సంబంధి నంజప్ప ఇంటిల్లిపాదితో వస్తా ఉండాడు. వీడియో తీసుకొని రా. ఆ గొడవ ముక్క తీసేసినావు కదా?"

మునిరాజు నా వైపు చూశాడు. వాడి కళ్ళల్లో లక్ష్మి ఇంకెవరితోనో పీటల మీద కూర్చుని కనపడుతోంది.

"గొడవను... వేరే చేసినాము మామా," అన్నాడు. అబద్ధం కాదు.

ఆదివారం ఇద్దరం పోచంపల్లి వెళ్ళాం. నా పథకం ఏమిటంటే, నేను ముందుగా అందరికీ పేటెంట్ల సంగతి విడమరిచి చెబుతాను, తప్పు మునిరాజుది కాదని వాళ్ళే తెలుసుకుంటారు. మునిరాజు పథకం ఏమిటంటే, గోవిందప్పను పక్కకు పిలిచి, ఆ ఎముకల సీడీ చేతికిచ్చి, కాళ్ళ మీద పడటం. రెండు పథకాలూ గుమ్మంలోనే ఆగిపోయాయి. వసారా నిండా చుట్టాలు. టీవీ ముందు చాపలు పరిచేశారు. అందరికంటే ముందు నంజప్ప కూర్చున్నాడు. గోవిందప్ప ఆయనకు వక్కాకు అందిస్తున్నాడు. ఇద్దరి మర్యాదా గట్టిగా గంజి పెట్టిన పంచెలా బిగుసుకుని ఉంది.

నేను ఆలస్యం చెయ్యకుండా మొదలుపెట్టాను. "వీడియో పెట్టే ముందర ఒక మాట. ఫైల్ సిస్టమ్ అనేది ఉంది చూడండి, దాన్ని రాసే పద్ధతి మీద..."

"కథ చాలప్పా," అన్నాడు నంజప్ప. "వీడియో వెయ్యి."

"అది కాదన్నా, పేటెంటు అంటే..."

నంజప్ప నా మాట వినకుండా చెయ్యి చాపి, మునిరాజు సంచిలో తొంగిచూస్తున్న సీడీ లాగేశాడు. "ఇదేనా? అమ్మా, దీన్ని వెయ్యి." సీడీ ఆయన చేతిలోంచి కోడలి చేతికి, అక్కడ్నుంచి ప్లేయరులోకి పోయింది. మునిరాజు ప్లేయరు వైపు ఒక అడుగు వేశాడు గాని చాపల నిండా చుట్టాలే. గోవిందప్ప అది పెళ్ళి వీడియోనే అనుకుని చాప మీద సర్దుకుని కూర్చున్నాడు.

తెర మీద విందు పందిరి. బంతిలోంచి నంజప్ప లేచాడు, ఎముకను కెమెరాకు చూపించాడు. "చూడు కెమెరా! ఇది మేకనా, మేక గోరీనా? మా బంతికి ఎముకలు, మీ బంతికి కండలా?"

వసారాలో చుట్టాలంతా గోవిందప్ప వైపు తిరిగారు. గోవిందప్ప మొహం పాలిపోయింది. నేను తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

తెర మీద గోవిందప్ప ఉరుకుతూ వచ్చాడు. "నా మేకను ఎముక అంటావా? నిన్ను చెప్పుతో..." అని కాలి చెప్పు పట్టి లాగాడు. పెళ్ళికని కొన్న కొత్త తోలు చెప్పు. బిగుతు. రాలేదు. ఒంటికాలి మీద గెంతుతూ ఇంకోసారి లాగాడు. రాలేదు. తూలి పడబోయి, దొరికిన భుజం పట్టుకున్నాడు. ఆ భుజం నంజప్పది.

నంజప్ప ఒక చేత్తో ఎముక పట్టుకుని, రెండో చేత్తో గోవిందప్ప మోచెయ్యి పట్టి నిలబెట్టాడు. కెమెరాలో మాట స్పష్టంగా వినపడింది. "నిదానంగా లాగప్పా, పడతావు! మడమ ఎత్తు, మడమ ఎత్తు!"

గోవిందప్ప కొట్టబోయే మనిషి భుజం మీద వాలి, ఆ మనిషి చెప్పినట్టే మడమ ఎత్తి, చెప్పు తీసి, వగరుస్తూ, "ఇప్పుడు చెప్పురా" అన్నాడు. ఈలోగా చుట్టాలు వచ్చి ఇద్దర్నీ విడదీశారు. విడదీసేవాళ్ళకు కష్టమైంది. ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ఉన్నారు కదా.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. లక్ష్మి అని మునిరాజు అంటాడు, వాడు అన్నీ లక్ష్మే చేసింది అంటాడు. వసారా మొత్తం విరగబడి నవ్వింది. నంజప్ప కడుపు పట్టుకుని వెనక్కి వాలిపోయాడు.

"ఒరేయ్ సంబంధీ, నేనే పట్టుకున్నానురా నిన్ను! కొట్టించుకునేదానికి నేనే నిలబెట్టినాను!"

"నాకేం తెలుసునప్పా," అన్నాడు గోవిందప్ప కళ్ళు తుడుచుకుంటూ. "కోపంలో ఎవరి భుజమో అనుకున్నాను. గోడ మాదిరి నిలబడినావు కదా నువ్వు!"

"ఇంకొకసారి వెయ్యమ్మా!"

ఇంకోసారి వేశారు. మళ్ళీ వేశారు. "మడమ ఎత్తు" వచ్చిన ప్రతిసారీ పిల్లలంతా కలిసి అరిచారు. ఆ నవ్వుల మధ్యలో, ధైర్యం పోగయ్యాక, మునిరాజు నిజం చెప్పేశాడు. "మామా, ఇది తప్ప మిగతాదంతా పోయింది."

నవ్వు ఆగింది. అందరూ పెళ్ళికూతురి వైపు, అదే గోవిందప్ప పెద్ద కూతురి వైపు చూశారు. ఆమె ప్లేయరు దగ్గర్నుంచి తల తిప్పింది.

"ఫోటోలు ఉండాయి కదా నాయనా. ముహూర్తం ఫోటోలో చూసుకుంటాను. మా ఇంట్లో మా ఆడబిడ్డ పెండ్లి వీడియో ఉంది. పొగ, తలకాయలు తప్ప ఏమీ కనపడదు. ఒక్కరూ చివరి దాకా చూసింది లేదు. దీన్ని చూడు, మూడుసార్లు చూసినారు."

నంజప్ప తల ఊపాడు. "నిజమేప్పా. చూడు గోవిందప్పా, నీ చిన్న పాప పెండ్లికి కూడా ఈ పిల్లోడితోనే తీయించు. మనుషులను ఉన్నది ఉన్నట్టు తీస్తాడు."

గోవిందప్ప మునిరాజును కాసేపు చూశాడు. మేక నడక చూసినట్టే చూశాడు.

"ఆ పెండ్లికి వీడు ఎట్ల తీస్తాడప్పా?" అన్నాడు. "పీటల మీద కూర్చోని తాళి కట్టేదానికే వీడికి చేతులు చాలవు కదా."

మునిరాజుకు అర్థమయ్యేలోపే లక్ష్మి లోపలికి పరుగెత్తింది.  ఆ పూట విందులో నా విస్తరిలో పడ్డవన్నీ ఎముకలే. నేను కిక్కురుమనలేదు.

అందువల్ల, మంచి మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ క్రింది విధంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ డిస్కయినా సరే, చదువుకోవచ్చు గాని రాయకూడదు అంటే, చేతులు కట్టుకుని చదువుకుంటాను. ఎర్ర అక్షరాలు రెండు చోట్ల ఉంటే రెండోది ముందు చదువుతాను. రాని నోటీసుకు జవాబు అడగడానికి ఇంకెప్పుడూ బస్సెక్కను. బంధువుల పెళ్ళిని, అది ఎవరిదైనా, ఏ దేశపు చట్టం ఒప్పుకున్నా, చెరపను గాక చెరపను.

అయితే ఒకటి. ఆ రోజు నిండు వసారాలో "కథ చాలప్పా" అని నంజప్ప నా నోరు మూయించాడు. పేటెంట్ల సంగతి ఆయనకు ఇంకా సగం చెప్పాల్సి ఉంది. దాన్ని మాత్రం నేను మరిచిపోలేదు.